నాలుగో డ్రాఫ్టు: 11 "ఆయ్"లు

నేను రాస్తున్న పంటు ప్రయాణం ముక్కకి నాలుగో డ్రాఫ్టూ చెడింది. చెడిన తీరు మాత్రం కొత్తది.

విషయం పాతదే. సఖినేటిపల్లి రేవులో బండితో సహా పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే రేకు పడవ) ఎక్కి, గోదారి పాయ వశిష్ఠ దాటి నరసాపురంలో దిగడం. రోజూ కాలేజీకి వెళ్లే దారే. మొదటి మూడూ పదో తరగతి వ్యాసాల్లా వచ్చాయి. "ప్రవహించుచున్నది" అనలేదు గానీ, దాని పక్కింట్లోనే కాపురం. గిడుగు రామ్మూర్తి గారు వాడుక భాష కోసం అంత పోట్లాడి వందేళ్లు దాటినా నాకింకా ఈ జబ్బు వదల్లేదు.

అందుకని ఈసారి మా కోనసీమ యాస దట్టించాను. అమ్మ చదివి, "సినిమాలో కామెడీ వేషంలా ఉందే" అంది. ఒళ్లు మండింది. పెన్సిల్ తీసుకుని లెక్కపెడితే 236 మాటల్లో 11 "ఆయ్"లు. ఇరవై మాటలకొకటి!

మరి ఇంట్లో ఎన్ని పడతాయి? అమ్మమ్మని అడిగి, ఫోన్ అరుగు మీద పెట్టి, అదే సంగతి నోటితో చెబుతూ 14 నిమిషాలు రికార్డు చేశాను. మొత్తం మూడే. ఆ మూడూ మధ్యలో వచ్చిన కొబ్బరి దింపు మనిషివే. "రేపొస్తావా?" అని అమ్మమ్మ అడిగితే, "ఆయ్, వస్తానండి" అన్నాడు. అమ్మమ్మ నాతో ఒక్కటీ అనలేదు, నేనూ అనలేదు. అంటే అది ఎదుటి మనిషికి మర్యాదగా ఇచ్చే జవాబు. నేనేమో ఎవరూ అడక్కుండానే పంటుకీ గోదారికీ కూడా "ఆయ్" కొట్టాను.

ఇంకోటి దొరికింది. నోటితో చెప్పినప్పుడు "పంటొచ్చింది, జనం దిగేరు, మేం ఎక్కేం" అన్నాను. వాక్యానికి నాలుగైదు మాటలు మించలేదు. కాగితం మీద సగటు 14. పైగా "దిగేరు" కాస్తా "దిగారు" అయిపోయింది. యాస "ఆయ్"లో కంటే ఈ "దిగేరు"లోనే ఎక్కువుందేమోనని అనుమానం. వాయిస్ టైపింగ్ కూడా దాన్ని దిద్దిపారేస్తోంది, అందుకే రికార్డింగంతా చేత్తో ఎక్కించాను. రెండున్నర గంటలు పట్టింది. టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్టే (నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే కీబోర్డు) మేలు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే ఫోన్ నా మాట బదులు తనకి తెలిసిన మాట పెడుతుంది.

ఈ డ్రాఫ్టులో, పంటు తడి రేకు మీద బండి స్టాండు జారిన పేరా మాత్రం బాగా కుదిరింది.

అయిదోదాంట్లో "ఆయ్" ఒక్కటీ పెట్టను. శనివారం పంటు మీదే రికార్డు చేయాలి. ఇంజిన్ రొదకి మాట వినపడదు, కాలర్ మైకు ఎవరినైనా అడగాలి.