బరువు మిషన్ ఎక్కిన అమ్మ

చెప్పులు విప్పింది, హ్యాండ్‌బ్యాగ్ నాకిచ్చింది, చివరికి గాజులు కూడా తీసి నా చేతిలో పెట్టి అప్పుడు ఎక్కింది అమ్మ, బరువు మిషన్. 94.

"మోకాలు అరిగితే మోకాలు మార్చాలి గానీ నా బరువుతో పనేటి డాక్టరుగారూ?" అని అడిగేసింది. ఆయన నవ్వలేదు. ఐదడుగుల మనిషికి 94 కిలోలంటే బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 40 దాటినట్టేనమ్మా, కుట్లు మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, ముందు 6 కిలోలు తగ్గండి అన్నారు. లావుగా ఉన్నవాళ్లకి కూడా ఆపరేషన్ తర్వాత నొప్పి బాగానే తగ్గుతుందట, రిస్కే తేడా.

నాకు మాత్రం కోపమొచ్చింది. మెట్టు ఎక్కలేని మనిషి బరువెలా తగ్గుతుంది? సింహాచలం మెట్లెక్కి మొక్కు తీర్చుకోవాలని కదా ఈ గోలంతా.

ఆటోలో కూర్చున్నాక ఆయన అన్న ఇంకో మాట గుర్తొచ్చింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుందట. అంటే 6 కిలోలకి 24. దాదాపు బియ్యం బస్తా! ఇన్నాళ్లూ అమ్మ ఆ బస్తా మోస్తూనే మాకు వండిపెట్టిందన్నమాట.

ఎంవీపీ రైతుబజార్ దగ్గర ఆటో ఆపించి రెండు ఆనపకాయలు కొంది. పక్కన బండి మీద పునుగులు వేగుతున్నాయి. నా వైపు చూసింది. "రేపట్నుంచే కదరా."

నేనూ నాలుగు తిన్నాను. నా బరువు ఎవరూ అడగలేదు లెండి.