మొదటి కబడ్డీ పోటీకి దిగే పిల్లల కోసం

పాలమూరు, నల్గొండ ఊళ్లల్ల సంక్రాంతి పోటీలకు కొత్తగా దిగే పిల్లలు పాయింట్లు పోగొట్టుకునేది బలం చాలక కాదు, గీతలు తెలియక.

కూత, అంటే "కబడ్డీ కబడ్డీ" అనడం, నడిగీత దాటకముందే మొదలుకావాలి. ఆలస్యమైతే రైడ్ (అవతలి జాగాలోకి పోయే వంతు) పోతుంది, అవతలోళ్లకు ఒక పాయింటు. ఒక్కో రైడ్‌కు ఉన్నది 30 సెకన్లే. మగవాళ్ల కోర్టుల నడిగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. ఎవర్నీ తాకకుండా, అదీ దాటకుండా వెనక్కొస్తే రైడర్ ఔట్. ఇంకో మీటరు లోపల బోనస్ గీత. బోనస్ పాయింటు రావాలంటే ఎదురుగా కనీసం ఆరుగురుండాలి, ముందుకాలు గీత దాటి నేలకు ఆనాలి, వెనకకాలు గాల్లో ఉండాలి. చాలామంది వెనకకాలు ఈడుస్తారు, చేతికొచ్చిన బోనస్ పోతుంది.

అన్నిటికంటే ముంచేది లాబీ. కోర్టు పక్కనున్న ఆ మీటరు జాగా ఎవర్నైనా తాకాకే ఆటలోకి వస్తుంది. తాకకముందే కాలు పెడితే ఔటే. మట్టి గ్రౌండ్‌ల సున్నం గీత నాలుగు రైడ్లకే చెదిరిపోతుంది, అందుకే హాఫ్ టైంల మళ్లీ గీయించండి.

చెల్క (ఎర్ర ఇసుక) నేలైతే ముందురోజు రాళ్లేరి నీళ్లు చల్లాలి. పొడిమట్టి మీద అడుగు జారి మోకాలు చీరుకుంటుంది. గోళ్లు కత్తిరించుకోండి, ఒంటికి నూనె వద్దు. రెండూ రిఫరీ చూస్తారు.