43 టూల్స్ నుంచి 11కి: ఏజెంట్‌కి మా ఏపీఐ నేర్పిన అనుభవం

మా ఆర్డర్ల సిస్టమ్‌ని ఏఐ ఏజెంట్ (మనం అడిగిన పనిని తనే టూల్స్ పిలిచి చేసే ప్రోగ్రామ్) వాడుకునేలా చేయమని నాకు అప్పజెప్పినప్పుడు రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. మా ఏపీఐని, అంటే వేరే ప్రోగ్రాములు మా సిస్టమ్‌తో మాట్లాడే దారిని, వివరించే ఓపెన్‌ఏపీఐ ఫైల్ ఎప్పటినుంచో ఉంది. దాని మీద ఒక స్క్రిప్ట్ నడిపితే, ఏజెంట్‌కి టూల్స్ (అది పిలవగల ఒక్కో పని) అందించే ఎంసీపీ సర్వర్ తయారైంది, 43 టూల్స్‌తో. డెమోలో ఒక ఆర్డర్ నంబర్ ఇచ్చి ఎక్కడుందని అడిగితే టక్కున చెప్పింది. అందరూ సంతోషించారు. అసలు పని ఆ మర్నాడు మొదలై ఆరు వారాలు సాగింది.

మొదటి దెబ్బ తేదీల దగ్గర తగిలింది. ఏప్రిల్ 3 నుంచి క్యాన్సిల్ అయిన ఆర్డర్లు ఎన్ని అని అడిగాను. తేదీ పంపే పారామీటర్‌కి (కాల్‌తో పాటు ఇచ్చే విలువకి) మేం రాసిన వివరణ రెండే మాటలు: ‘మొదలు తేదీ’. ఏజెంట్ 03/04/2025 అని పంపింది. మా సర్వర్ దాన్ని మార్చి 4గా తీసుకుని, ఏ ఎర్రరూ లేకుండా 200తో, అంటే అంతా సరే అనే కోడ్‌తో, జవాబిచ్చింది. ఏజెంట్ ఆ అంకెను ఎంతో ధీమాగా చెప్పింది. సరైన లెక్క నాకు ముందే తెలుసు కాబట్టి దొరికింది గానీ, లేకపోతే నేనూ నమ్మేసేవాణ్ణి. కొత్తగా చేరిన డెవలపర్ అయితే పక్క సీటువాళ్లని అడిగేవాడు. ఏజెంట్‌కి పక్క సీటు లేదు, ఆ రెండు మాటలే దిక్కు.

వివరణ ఇలా మార్చాను: ‘మొదలు తేదీ. ఐఎస్ఓ 8601 పద్ధతిలో ఇవ్వాలి, ఉదాహరణకు 2025-04-03. ఆ రోజు కూడా లెక్కలోకి వస్తుంది. టైమ్ జోన్ యూటీసీ.’ దాంతోపాటు వేరే పద్ధతిలో తేదీ వస్తే సర్వర్ తిప్పికొట్టేలా చేశాను. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం.

ఎర్రర్ మెసేజీలదీ అదే కథ. 400తో (రిక్వెస్ట్‌లో తప్పుందనే కోడ్) పాటు ‘చెల్లని రిక్వెస్ట్’ అని మాత్రమే వచ్చేది. ఏజెంట్ అదే కాల్‌ని అటూ ఇటూ మార్చి ఏడుసార్లు కొట్టడం లాగ్‌లో చూశాను. ‘స్టేటస్‌కి ఈ నాలుగు విలువలే చెల్లుతాయి’ అని ఆ నాలుగూ మెసేజ్‌లోనే పెట్టాక, రెండో కాల్‌లోనే సర్దుకుంది. తర్వాత వాటిని స్కీమాలో (టూల్‌కి ఏ విలువలు ఎలా ఇవ్వాలో చెప్పే చోట) ఈనమ్‌గా, అంటే చెల్లే విలువల జాబితాగా, కూడా పెట్టాను. ఆ మాత్రం ముందే తట్టలేదు.

గెట్ ఆర్డర్స్, లిస్ట్ ఆర్డర్స్, సెర్చ్ ఆర్డర్స్ అని మూడు టూల్స్ ఉండేవి. వాటి తేడా ఏమిటో కోడ్ తెరిస్తే గానీ నాకే తెలియలేదు. ‘ఇది ఎప్పుడు వాడకూడదు’ అని ఒక్కోదానికి ఒక లైన్ రాస్తే కాస్త మేలు కనిపించింది. మూడింటినీ ఒకటిగా కలిపేశాక ఆ గొడవే లేదు. అలా కలుపుతూ, తీసేస్తూ పోతే 11 మిగిలాయి.

ఇక పరీక్ష. 30 ప్రశ్నలు రాసి నడిపితే 27 పాసయ్యాయి. నా ఆనందాన్ని ఒక సహోద్యోగి ఒక్క మాటతో దించేసింది: "ఈ ప్రశ్నలన్నీ మీ డాక్యుమెంట్ మాటల్లోనే ఉన్నాయి కదండీ!" నిజమే. వాటిని పక్కనపెట్టి, కస్టమర్లు అడిగే తీరులో మరో 30 రాసుకున్నాం. ‘ఆ పార్సిల్ వెనక్కొచ్చేసిందా?’ లాంటివి. స్కోరు 16కి పడింది.

మార్కులు వేయడంలోనూ తప్పు చేశాను. టూల్స్‌ని నేననుకున్న వరసలోనే పిలవాలని పట్టుబడితే, వేరే దారిలో సరైన జవాబుకి చేరినవి కూడా ఫెయిలయ్యాయి. అందుకే దారి వదిలేసి, చివరికి డేటాబేస్‌లో ఏం మారింది, యూజర్‌కి ఏం చెప్పింది అన్నవే చూశాను. ఒక్కసారి పాసైతే చాలదని ప్రతి ప్రశ్నా ఐదేసిసార్లు నడిపాను. ఏజెంట్లని కొలిచే టౌ-బెంచ్ అనే పరీక్షలో 2024లో వచ్చిన ఆలోచన ఇది. ఒక్కో ప్రయత్నంలో 80 శాతం గెలిచే ఏజెంట్, ఏ ప్రయత్నానికా ప్రయత్నం విడిగా లెక్కేస్తే, ఐదుకి ఐదూ గెలిచే అవకాశం 33 శాతమే.

బాగా భయపెట్టింది మాత్రం ఒక చిన్న ప్రశ్న. ‘ఈ ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే డబ్బు ఎన్ని రోజులకి వస్తుంది?’ అంటే, ఏజెంట్ దాన్ని క్యాన్సిలే చేసేసింది! టెస్ట్ డేటా కాబట్టి బతికిపోయాం. ఎంసీపీలో ‘ఈ టూల్ నష్టం చేయగలదు’ అని గుర్తు పెట్టే వీలుంది, కానీ అది సూచన మాత్రమే, తాళం కాదు. అందుకని క్యాన్సిల్‌ని సర్వర్‌లోనే రెండు మెట్లు చేశాను. యూజర్ ఔనన్నాకే రెండో మెట్టు. టూల్‌ని అసలు పిలవకూడని ప్రశ్నలు ఆ రోజే ఆరు చేర్చాను.

చివరి రౌండ్‌లో 36లో 30 ప్రశ్నలు ఐదుకి ఐదూ పాసయ్యాయి. మిగిలిన ఆరింట్లో నాలుగు ‘మొన్న’, ‘పోయిన వారం’ అన్న మాటలున్నవి. ఈ రోజు తేదీ ఎంతో ఏజెంట్‌కి మేం ఎక్కడా చెప్పలేదు. సిస్టమ్ ప్రాంప్ట్‌లో (ఏజెంట్‌కి ముందే ఇచ్చే సూచనల్లో) ఆ ఒక్క లైన్ చేర్చితే మూడు పాసయ్యాయి. నాలుగోది ఐదింట్లో ఒకసారి ఇంకా తప్పుతోంది.