మనకి తెలీకుండానే తప్పిపోయిన గండాలు: నారాయణ కవచం చదువుతుంటే అనిపించినవి

పెద్ద గండం ఏదైనా తప్పితే మనం వెంటనే చేతులెత్తి దణ్ణం పెడతాం, తలకి రావాల్సింది తలపాగాతో పోయిందని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటాం. మరి అసలు వచ్చినట్టే తెలీకుండా పక్కనుంచి వెళ్ళిపోయిన గండాల సంగతేంటి? వాటికి దణ్ణం పెట్టేవాళ్ళే ఉండరు, పెట్టాలని తెలిస్తే కదా పెట్టేది.

భాగవతం ఆరో స్కంధం ఎనిమిదో అధ్యాయంలో ఉండే, కాపాడమని నారాయణుణ్ణి వేడుకునే స్తోత్రం నారాయణ కవచం చదివినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. గురువు బృహస్పతి వదిలేసి వెళ్ళిపోయి, రాక్షసుల చేతిలో కూడా ఓడిపోయాక దిక్కుతోచని ఇంద్రుడికి, ఆ గురువు స్థానంలో వచ్చిన త్వష్ట కొడుకు విశ్వరూపుడు ఉపదేశించిన కవచం ఇది. యుద్ధానికి వెళ్ళేవాడి కోసం చెప్పింది కదా, అంతా కత్తులు బాణాల గురించే ఉంటుందేమో అనుకుంటాం, కానీ చదివితే మన రోజంతా అందులో ఉంటుంది.

జలేషు మాం రక్షతు మత్స్యమూర్తిః... నీళ్ళల్లో మత్స్యమూర్తి, నేల మీద వామనుడు, ఆకాశంలో త్రివిక్రముడు, దారిలో వరాహస్వామి, ఊరు విడిచి దూరంగా ఉన్నప్పుడు లక్ష్మణుడితో సహా రాముడు కాపాడాలి అని వరసగా సాగుతుంది. తర్వాత గంటల్ని కూడా వదల్లేదు, పొద్దున్నే గద పట్టుకుని కేశవుడు, కాస్త పొద్దెక్కాక వేణువుతో గోవిందుడు, మిట్టమధ్యాహ్నం చక్రంతో విష్ణువు, సాయంత్రం మాధవుడు, అర్ధరాత్రి పద్మనాభుడు, తెల్లవారుజామున కత్తితో జనార్దనుడు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ అర్ధరాత్రి మాటే, ఎందుకంటే మిగతా టైంలో కనీసం కళ్ళు తెరుచుకుని ఉంటాం, నిద్రలో మన ఊపిరిని మనం చూసుకోలేం, గుండె కొట్టుకుంటోందో లేదో కూడా మనకి తెలీదు, ఒంట్లో కణాల్లో డీఎన్ఏ దెబ్బతింటుంటే ఆ కణాలే దాన్ని రిపేర్ చేసుకుంటూ ఉంటాయి, పొద్దున్న లేచి మనం బాగా నిద్రపట్టింది అనుకుంటాం అంతే.

మా ఇంట్లో గీజర్ సరిగ్గా పని చేయట్లేదని ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ఆయన కవర్ ఊడదీసి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. లోపల వైరు పైన తొడుగు కరిగిపోయి నల్లగా మాడి ఉంది, రాగి తీగ బయటికొచ్చి రేకుకి తగలడానికి గోరంత దూరం కూడా లేదు, ఎర్త్ వైరేమో స్క్రూ నుంచి ఊడి పక్కకి వేలాడుతోంది. ఎప్పట్నుంచి అలా ఉందో ఆయనా చెప్పలేకపోయాడు. పిల్లలతో సహా అందరం రోజూ తడి ఒంటితో దాని కిందే నిలబడ్డాం. ఆ రోజుల్లో నేను దేవుణ్ణి ఏవేవో అడుగుతూనే ఉన్నాను, ఈ వైరు గురించి మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు, అడగాలని తెలీదు కూడా. అడగనిది ముందే ఇచ్చేశాడు.

అలాగని కవచం చదువుతున్నాం కదా అని ఎర్త్ పెట్టించకుండా కూర్చోమని కాదు. ఏమరుపాటు నుంచి నారాయణుడు కాపాడాలి, గర్వం నుంచి నర మహర్షి కాపాడాలి, అపథ్యం నుంచి, అంటే ఒంటికి పడనివి తినడం నుంచి ధన్వంతరి కాపాడాలి అని ఆ కవచంలోనే ఉంది. అంటే బయటినుంచి వచ్చే ప్రమాదాలే కాదు, మన నిర్లక్ష్యం, మన నోరు, మన అహంకారం కూడా ప్రమాదాల లిస్టులోనే ఉన్నాయి. చివర్లో నరసింహస్వామిని తలుచుకునే చోట కూడా దిక్కులు, మూలలు, పైన, కింద అన్నాక లోపలా బయటా అని ఉంటుంది. ఆ లోపల ఉన్నదే మనకి కనపడదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. కవచం చదివిన వాళ్ళకి కష్టాలు రావా, భక్తితో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ప్రమాదాలు జరగట్లేదా? జరుగుతున్నాయి. నాకు దీనికి పూర్తి జవాబు తెలుసు అని చెప్పను కానీ ఇంద్రుడి కథ ఇంకొంచెం ముందుకెళ్తే ఒక విషయం ఉంది. ఆ తర్వాత ఇంద్రుడు కోపంతో విశ్వరూపుణ్ణే చంపేస్తాడు, కొడుకు పోయిన త్వష్ట యజ్ఞం చేస్తే వృత్రుడనే రాక్షసుడు పుడతాడు, ఆ వృత్రుడు యుద్ధంలో ఇంద్రుణ్ణి ఐరావతంతో సహా మింగేస్తాడు. కవచం ఉన్నా మింగడం ఆగలేదు. కానీ కడుపులోకి వెళ్ళినా ఇంద్రుడు చావలేదు, నారాయణ కవచమే కాపాడిందని, వజ్రాయుధంతో పొట్ట చీల్చుకుని బయటికొచ్చాడని పన్నెండో అధ్యాయం చెప్తుంది. ఎవరినైతే తన చేతులతో చంపాడో ఆయన నేర్పిన కవచమే ఆ చీకట్లో ఇంద్రుణ్ణి బతికించింది. నారాయణుడు అర్హత చూసి కాపాడేవాడైతే అక్కడే వదిలేసేవాడు. నాకైతే ఈ ఘట్టం చదివినప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

అందుకే ఈమధ్య రాత్రి పడుకునే ముందు ఆ రోజు అనుకున్నట్టు జరిగినవాటికి దణ్ణం పెట్టుకున్నాక, స్వామీ నాకు తెలీకుండా ఏం తప్పించావో వాటికి కూడా అని ఇంకో దణ్ణం పెడుతున్నాను. సంస్కృతం నోరు తిరగట్లేదు, తప్పులు పోతాయేమో అని భయపడి కవచం మొదలుపెట్టని వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి ఒక్క మాట, పూజలో జరిగే లోపాల నుంచి నారదుడు కాపాడాలి అని కూడా అందులో ఉంది, కాబట్టి నిదానంగా రోజుకి ఒక్క శ్లోకమైనా మొదలుపెట్టండి.