మీటరులో 230, మోటారుకు మాత్రం మూలుగు

నిన్న సాయంత్రం మోటారు తిరిగింది. ఆ చప్పుడు చెవుల్లో ఉండగానే ఇది రాస్తున్నాను.

ఇంటి ముందున్న మీటరు బోర్డు నుంచి స్థలం చివర నీళ్ల తొట్టి దగ్గరికి 150 మీటర్లు. స్తంభాలు పాతి తీగలు వేలాడదీయడం ఇష్టం లేక భూమిలోంచి కేబుల్ వేయాలనుకున్నాను. రెండున్నర అడుగుల లోతున కాలువ తవ్వడం, ఇసుక పరచడం, పైన ఇటుకలు పేర్చి హెచ్చరిక టేపు వేయడం రెండు రోజుల్లో అయిపోయాయి. "ఒక హెచ్‌పీ మోటారే కదా సార్, రెండున్నర వైరు చాలు" అన్నాడు ఎలక్ట్రీషియన్. రాగి కేబులే, ఇనుప తొడుగున్న ఆర్మర్డే. నేను తలూపాను.

స్విచ్ వేస్తే మోటారు మూలిగింది, తిరగలేదు. ఆయన మల్టీమీటర్ పెట్టి చూపించాడు: 230. "కరెంటు ఫుల్లుగా ఉంది సార్, మోటారే పోయింది" అని తేల్చేశాడు. మోటారు విప్పి, మోసుకుని రిపేరు షాపుకు వెళ్లాను. అక్కడ బల్ల మీద పెట్టి స్విచ్ వేయగానే గిర్రున తిరిగింది. ఇంటికి తెస్తే మళ్లీ మూలుగే. రెండోసారి మోసుకెళ్లి కెపాసిటర్ మార్పించాను. అయినా అదే కథ.

మూడోసారి నన్ను చూడగానే షాపు పెద్దాయన స్పానర్ పక్కన పెట్టి, "ఎంత దూరం లాగారు బాబూ? వైరు సైజెంత?" అని అడిగాడు. చెప్పాను. షాపులో కుర్రాళ్లు ముసిముసిగా నవ్వారు. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఓమ్ సూత్రం చెప్పే మాస్టారినని వాళ్లకు తెలియదు కాబట్టి బతికిపోయాను.

ఇంటికొచ్చి కాగితం తీశాను. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. పోను 150, రాను 150. అంటే 300 మీటర్లకు 2.2 ఓములు. మోటారు తిరుగుతున్నప్పుడు లాగే 7 ఆంపియర్లకు 15 వోల్టులు పోతే పోనివ్వండి. కానీ ఆగి ఉన్న మోటారు కదలాలంటే దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. ఈసారి స్విచ్ వేస్తుండగా మోటారు దగ్గరే మీటరు పెట్టాను. 230 కాస్తా 165కి పడిపోయింది! తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మిగిలింది సగమే. ఎలక్ట్రీషియన్ చూపించిన 230 మోటారు కరెంటు లాగనప్పటిది. ఖాళీ తీగలో ఎంత వోల్టేజి ఉంటే ఏం లాభం? స్విచ్ వేసిన ప్రతిసారీ షెడ్డులో బల్బు ఎర్రబడటం నేనూ చూశాను, ఎలక్ట్రీషియనూ చూశాడు.

తవ్విన కాలువనే మళ్లీ తవ్వించి 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ వేశాం. ఇప్పుడు మొత్తం నిరోధం 0.6 ఓములు కూడా లేదు. ఇంకో మాట. పాత తీగ చివర షార్ట్ అయినా వంద ఆంపియర్లే వెళ్లేవి. 20 ఆంపియర్ల సి రకం ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే దానంతటదే పడి ఆపేసే స్విచ్చు) వెంటనే పడాలంటే రెండు వందల దాకా కావాలి. అంటే అది తీరిగ్గా పడేలోగా తీగ కాలుతూ ఉండేది. మోటారు మొరాయించడమే మేలైంది.

లావు కేబుల్ ఎం.సి.బి. రంధ్రంలో పట్టకపోతే మన ఎలక్ట్రీషియన్ కటింగ్ ప్లయర్ తీసుకుని పోగులు కత్తిరించబోయాడు. పోగులు తగ్గితే అక్కడ తీగ సన్నబడి వేడెక్కుతుంది కదా, చెయ్యి పట్టుకుని ఆపాను. రాగి, అల్యూమినియం రెండింటికీ సరిపడే లగ్గులు (తీగ కొసకు నొక్కి బిగించే లోహపు తొడుగులు) తెప్పించి, విడిగా పెట్టె బిగించి కలిపించాను. ఈ ఒక్క పని దగ్గర మాత్రం మీరు పక్కనే నిలబడండి, కాఫీకి కూడా వెళ్లకండి.

మోటారు తిరిగాక ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇంత దూరానికి లావు కేబులే వేయాలి సార్. నేను మొదటి నుంచీ అదే అనుకుంటున్నాను."