నాలుగున్నర బస్సు

అరకులో మూడు రోజులున్నాను. బొర్రా గుహలు, కటికి జలపాతం అందరూ చూసినవే, వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మనసులో ముల్లులా ఉండిపోయింది మాత్రం బస చేసిన చోట ఇచ్చిన కాఫీ. గది అద్దె రోజుకి నాలుగున్నర వేలు, టిఫిన్ అందులోనే అన్నారు. కిటికీ తీస్తే ఎదురుగా సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోట, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. టేబుల్ మీద ఇన్‌స్టంట్ పొడి పొట్లం! అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ పండే చోటికి వెళ్లి, ఎక్కడి నుంచో లారీలో ఘాట్ ఎక్కి వచ్చిన పొడి కలుపుకుని తాగాను. చింతపల్లి వైపు గిరిజన రైతులు పండించే రాజ్‌మా అయినా వండిపెట్టమని అడిగితే, ముందు చెప్పాలి మేడమ్ అన్నారు. ఘాట్ దిగుతున్నంతసేపూ ఒకటే కోపం. నేను కట్టిన డబ్బులో ఆ లోయలో దుక్కి దున్నేవాళ్లకి చేరింది ఎంత?

ఆ రాత్రికి పద్మనాభంలో పిన్నివాళ్లింట్లో ఆగాను. కొండెక్కి అనంత పద్మనాభస్వామిని చూడాలనుకున్నాను గానీ ఓపిక లేకపోయింది. హైదరాబాద్ రైలు సాయంత్రానికి. ఈలోగా విశాఖ ఎంవీపీ కాలనీలో స్నేహితురాలిని కలవాలి. "ఎండెక్కాక ఎందుకమ్మా, నాలుగున్నరకి కూరగాయల బస్సుంది, ఎక్కేయ్. నేరుగా రైతుబజారు దగ్గరే దిగుతావు" అన్నాడు బాబాయి.

నాలుగింటికి స్టాప్ దగ్గర మనుషుల కంటే ముందు గంపలున్నాయి. వరసగా పెట్టిన గంపలే క్యూ. గంపల వాళ్లు అరుగు మీద చెంగు కప్పుకుని కునుకు తీస్తున్నారు. బస్సు లైట్లు పడగానే అందరూ ఒక్కసారి లేచారు, ఒకరి గంప ఒకరు ఎత్తారు. వెనక సీట్ల మధ్య ఆనపకాయలు, వంకాయలు, తడి గోనె కప్పిన బీరకాయలు, అరటినారతో కట్టిన తోటకూర. బస్సంతా కొత్తిమీర వాసన, తడి మట్టి వాసన. రాష్ట్రంలోని ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం కింద అందరికీ జీరో టికెట్. నాది తెలంగాణ ఆధార్ కాబట్టి డబ్బిచ్చి కొన్నాను.

నా పక్కన ఓ మామ్మ కూర్చుంది. ఒళ్లో తోటకూర కట్టలు, చంటిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"ఏటమ్మా, ఈ యేల టవునుకెల్తన్నావ్?"

స్నేహితురాలింటికి అన్నాను. మెహదీపట్నం రైతుబజారుకి నేనూ వెళ్తుంటాను మామ్మా అనేసరికి ఆవిడ ముఖం వెలిగింది. బొడ్లోని సంచి తీసి, ప్లాస్టిక్ కవరులోంచి కార్డు చూపించింది. అంచులు చిరిగి, ఫొటో సగం వెలిసిపోయింది. పేరు, ఊరు, వేసే పంటలు. "ఈ పొటో తీసినప్పుడు నా జుత్తు నల్లగుండీది" అంది.

ఉమ్మడి రాష్ట్రంలో రైతుబజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యాన శాఖల వాళ్లు పొలం చూసి, నిజంగా పండించేవాళ్లని తేల్చాకే కార్డు ఇచ్చేవారు. ధర కూడా రోజూ బోర్డు మీద రాయాల్సిందే. హోల్‌సేల్ ధర మీద పాతిక శాతం ఎక్కువ, బయటి దుకాణం మీద పాతిక శాతం తక్కువ అనేది అప్పటి లెక్క. ఇవన్నీ నాకు తెలిసినవే. మామ్మ చెప్పింది మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

"మద్దిన ఓపాలి ఈ బస్సు ఆపీసినారు. ఆటోకి పోను మిగిలిందేటి? కూర దళారీకే ఇచ్చీసినాం. బస్సు నేకపోతే ఈ కార్డుని ఏటి సేసుకుంటాం అమ్మా?"

ఆనందపురంలో పూలగంపలు ఎక్కాయి. బంతిపూలు నా కాళ్ల మీద పడ్డాయి. మధురవాడ దాటేసరికి తెల్లారింది. మద్దిలపాలెం దాకా నేను మళ్లీ మాట్లాడలేదు. ఇరవై ఏళ్లకు పైగా రైతుబజారులో కూరలు కొంటూ, అవి ఏ బస్సులో వచ్చాయో ఒక్కసారీ అడగలేదు.

బజారులో మామ్మ గంప దించడానికి ఓ చెయ్యి వేశాను. అరగంటలో సగం తోటకూర అయిపోయింది. ఓ మూలన ప్రకృతి వ్యవసాయం బల్ల ఉంది. మహిళా సంఘంలో ఉన్న ఓ రైతు కూర్చుని ఉంది, నా వయసే ఉంటుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలని పచ్చగా కప్పి ఉంచుతామని, పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం చేస్తామని చెప్పింది. ఆంధ్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఈ పద్ధతిని ఊరూరా సంఘాల ద్వారానే నేర్పుతోంది. 2024లో దీనికి పోర్చుగల్ సంస్థ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం ప్రకృతి సాగు జాతీయ మిషన్‌కి 2,481 కోట్లు ఆమోదించింది. అవన్నీ సంతోషమే. కానీ ఆవిడ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు వంకాయ పట్టుకుని, పక్క బల్ల ధర చెప్పి, వదిలేసి వెళ్లిపోతున్నారు. నేనుండగానే నలుగురు అలా వెళ్లారు.

ఆవిడ దగ్గర ఓ పొడుగు నోటుపుస్తకం ఉంది. నెల డబ్బు ముందే ఇచ్చేసి, వారానికో సంచి తీసుకునే ఇళ్ల పేర్లు అందులో ఉన్నాయి. ఆ వారం ఏది పండితే అది. కొన్ని పేర్ల మీద అడ్డగీతలు. అడిగాను. "వానలకి రెండు వారాలు ఏటీ ఇవ్వలేకపోనాను. డబ్బులు ఎనక్కి అడిగినారు. ఇచ్చీసినాను" అంది, తల ఎత్తకుండా.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పాల వాడిక ఒకే మనిషి దగ్గర. గేదె వట్టిపోయిన నెలల్లో కూడా ఒకటో తారీఖున డబ్బు చేతిలో పెట్టేది. పాలు పోయకుండానే ఎందుకిస్తావని తాతయ్య అంటే, "గేదెకి మేత ఆగుతుందా?" అనేది. పొలంతో ముందే ఒప్పందం చేసుకుని పంట నష్టంలోనూ పాలు పంచుకోవడాన్ని జపాన్‌లో తెయికెయి అంటారట, 1970ల నుంచి ఉందట. మనకి వాడిక అనే మాట ఉండనే ఉంది. ప్రభుత్వం నవధాన్యాల విత్తనం ఇస్తోంది, శిక్షణ ఇస్తోంది. పండిన కూరని వాడిక ఇంటి దాకా చేర్చే బండీ, వాన పడ్డ నెలలో ఆ రైతుకి కాస్త ఊతం కూడా ఇస్తే ఆ నోటుపుస్తకంలో అడ్డగీతలు ఇన్ని ఉండేవి కావని నాకు గట్టిగా అనిపించింది.

స్నేహితురాలికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. ముందు విసుక్కుంది, తర్వాత సరేనంది. మూడు నెలల డబ్బు నేనే కట్టాను. వానలకి రాకపోయినా వెనక్కి అడగదని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి ఓసారి చూసి, పెన్ను క్యాప్ పళ్లతో తీసింది.

"డోర్ నంబరు సెప్పండి" అంది. రాసుకుని, పక్కనే 'శనివారం' అని రాసి, కింద గీత కొట్టింది.