మొదటి ప్రారంభంగా ఇటాలియన్ ఆట

చదరంగం కొత్తగా నేర్చుకుంటున్నవారు ముందుగా ఏ ప్రారంభం (ఆట తొలి ఎత్తుల వరుస) నేర్చుకోవాలని అడిగితే నేను ఇటాలియన్ ఆట పేరే చెబుతాను. తెలుపు తన రాజు ముందున్న బంటును ఇ4కు, అంటే ‘ఇ’ నిలువు వరుసలోని నాలుగో గడికి, నడుపుతుంది, నలుపు ఇ5తో బదులిస్తుంది. తెల్ల గుర్రం ఎఫ్3కు వచ్చి ఆ బంటుపై గురిపెడితే, నల్ల గుర్రం సి6కు వచ్చి దానిని కాస్తుంది. మూడో ఎత్తుగా తెలుపు తన శకటును, అంటే బిషప్‌ను, సి4లో నిలుపుతుంది. ఇళ్లలో పాత పద్ధతిన ఆడేటప్పుడు బంటు మొదటి ఎత్తులోనూ ఒక గడే కదిలేది కనుక నడిమి గళ్ల కోసం పోటీ నెమ్మదిగా మొదలయ్యేది. అంతర్జాతీయ నియమాలలో అది తొలి ఎత్తుతోనే మొదలవుతుంది.

సి4లోని శకటు చూపంతా ఎఫ్7 మీదే ఉంటుంది. ఆట మొదట్లో ఆ గడికి రాజు తప్ప వేరే కాపు లేదు. అందుకే చాలామంది మంత్రిని రెండో ఎత్తుకే హెచ్5కు తెచ్చి, నాలుగు ఎత్తులలో ఆటకట్టించాలని చూస్తారు. దయచేసి దీనిని అలవాటు చేసుకోవద్దు. నలుపు గుర్రాన్ని సి6కు తెచ్చి, శకటు సి4కు రాగానే బంటును జి6కు నడిపితే మంత్రి వెనక్కి తగ్గక తప్పదు. అది ఎఫ్3 నుంచి మళ్లీ బెదిరిస్తే రెండో గుర్రం ఎఫ్6కు వచ్చి దారి మూసేస్తుంది. అప్పటికి నలుపు గుర్రాలు రెండూ బరిలో ఉంటాయి, తెల్ల మంత్రి మాత్రం సొంత గుర్రం రావలసిన గడిలో కూర్చుని ఉంటుంది.

శ్రద్ధగా నేర్చుకోవలసింది మరొకటి ఉంది. ఇటాలియన్ ఆటలో మూడో ఎత్తుగా నలుపు గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే, తెల్ల గుర్రం జి5కు దూకి శకటుతో కలిసి ఎఫ్7పై పడుతుంది. నలుపు డి5 బంటుతో శకటు దారికి అడ్డుపడాలి, తెలుపు ఆ బంటును చంపుతుంది. ఇక్కడ గుర్రంతో తిరిగి చంపడం సహజంగా తోస్తుంది, కానీ తెలుపు ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి, నల్ల రాజును బయటికి లాగి, మంత్రితో చెక్ చెప్పగలదు. డి5 గుర్రాన్ని కాచుకోవడానికి ఆ రాజు నడిబోర్డులోకి నడవాల్సి వస్తుంది. దానికన్నా సి6 గుర్రాన్ని ఎ5కు పంపి శకటును తరమడం మేలు. గుర్రాన్ని అంచుకు పంపవద్దని అందరూ చెప్పేది నిజమే, అక్కడ దానికి నాలుగు గళ్లే అందుతాయి. అయినా ఇక్కడ బంటు పోయినా పావులు త్వరగా బయటికి వస్తాయి కనుక ఆ నియమాన్ని పక్కన పెట్టవచ్చు.

నలుపుతో ఆడుతూ ఈ చిక్కు వద్దనుకున్నవారు మూడో ఎత్తుగా శకటును సి5కు తేవచ్చు. అప్పుడు డి8లోని మంత్రికి జి5 వరకు దారి తెరిచే ఉంటుంది, అక్కడికి దూకిన గుర్రం ఊరికే పోతుంది. తెలుపు డి3 ఆడి, కోట కట్టి (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరిపి రాజును భద్రపరచి), నిదానంగా సాగితే కొత్తవారికి ఆట పూర్తిగా అర్థమయ్యే తీరులో నడుస్తుంది.